ఈశాన్యానికి తిప్పిన వెదుర్లు

ఒక్క మాట చెప్పడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది. పెద్ద మాటేమీ కాదు. మోర్సు కీ మీద కొడితే రెండు నిమిషాల్లో అయిపోయేది. దానికోసమని రెండు వెదుర్లు కొన్నాను, పెళ్లికోటు గుండీలు పీకాను, పగిలిన రోట్లో స్తంభం నిలబెట్టాను, బతికున్న మా అమ్మ కోసం వీధి వీధంతా ఏడ్చేటట్టు చేశాను. ఆ రోజులు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది సంతోషమూ కాదు, దుఃఖమూ కాదు. అలుపు. ఇప్పటికీ భుజాలు నొప్పి పుడతాయి.

డెబ్బైల మొదట్లో నేను మదనపల్లె తంతి ఆఫీసులో పని చేసేవాణ్ణి. పొద్దున్నుంచీ కీ కొట్టడం, సౌండరు టకటకలు వినడం, విన్నది కాగితం మీద పెట్టడం. మా వైపు పల్లెల్లో అప్పట్లో టెలిగ్రాం అంటే చావే. తంతి జవాను సైకిలు సందు మలుపు తిరిగిందంటే ఆడవాళ్లు ఏడుపు అందుకునేవాళ్లు. లోపల ఉద్యోగం వచ్చిందని రాసి ఉన్నా ఆ ఏడుపు ఆగడానికి కాసేపు పట్టేది. మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. ఈ ముక్కలు ఎన్ని వందలసార్లు కొట్టానో లెక్క లేదు. సీరియస్ అంటే అయిపోయిందని అర్థం. దారిలో రైల్లో కూలబడకుండా, ఇల్లు చేరేదాకా మనిషికి కాస్త ఆశ మిగలనీ అని అట్లా రాయించేవాళ్లు. రాయించేవాళ్లకు తెలుసు, కొట్టే మాకు తెలుసు, అందుకునేవాడికీ తెలుసు. అయినా అందరం సీరియస్ అనే అనుకునేవాళ్లం.

నా పక్క బల్ల మీద నా స్నేహితుడు కూర్చునేవాడు. అతనిది పెద్దపంజాణి దగ్గర పల్లె. వాళ్లమ్మా నాయనా రాగులూ వేరుశనగా పండించుకునే రైతులు. మా ఇద్దరిదీ ఒకే ఏడు ట్రైనింగు, ఒకే గది, పండుకునేది ఒకే చాప. ఎవరింట్లో వాళ్లు సొంతంగా రేడియో స్టేషను పెట్టుకుని, దేశంలో ఎక్కడి మనిషితోనైనా మాట్లాడుకోవచ్చని, దానికి హామ్ లైసెన్సు అని ఒకటి ఇస్తారని మాకు ట్రైనింగులోనే తెలిసింది. మోర్సు పరీక్ష మాకు ఒక లెక్క కాదు. పోలీసులు ఇంటికొచ్చి మేమెవరం, మా తాతలెవరు అని విచారించడానికీ, ఢిల్లీ నుంచి కాగితం రావడానికీ ఏడాదిన్నర పట్టింది. మనిషికి పాత సైన్యం సామాన్లలో దొరికిన రిసీవరు ఒకటి, మేమే అతికించుకున్న ట్రాన్స్‌మిటరు ఒకటి. వారమంతా చావు కబుర్లు కొట్టిన వేలితో ఆదివారం పూట ఎవడో ముక్కూ మొహం తెలియనివాడితో "మాకు ఇక్కడ ఎండగా ఉంది, మీకెట్లా ఉంది" అని చెప్పుకోవడం. మాకు కావలసింది అంతే.

అప్పుడు వచ్చింది ఆర్డరు. మా ఇద్దరిలో ఒకరు అస్సాం పోవాలి, మూడేళ్లు. పేరు నాదే ఉంది.

నాకు భయం వేసింది. అంతకంటే కారణమేమీ లేదు. పెళ్లయి ఏడాది కాలేదు, ఆ ఊరు మ్యాపులో కూడా ఒక మూలన ఉంది, అక్కడ చలి అన్నారు, వరదలన్నారు. ఒక డాక్టరును పట్టుకున్నాను. మా అమ్మకు గుండె జబ్బనీ, ఒక్కగానొక్క కొడుకు దగ్గరుండి తీరాలనీ సర్టిఫికెట్టు రాయించాను. మా అమ్మ అప్పటికి గుండ్రాయిలాగా ఉండేది. నిమ్మనపల్లెలో పుట్టి పెరిగిన మనిషి, రెండు బిందెలు ఒకేసారి ఎత్తేది. విచారణకు ఆఫీసరు ఇంటికి వస్తున్నాడంటే పట్టపగలు మంచం మీద పడుకోబెట్టి నుదుటిమీద తడిగుడ్డ వేశాను. ఆయన పోయాక లేచి, ఆ గుడ్డ నా మొహాన కొట్టి, "బతికుండంగానే నన్ను పండుకోబెట్టినావు గదరా" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆర్డరు పేరు మార్చుకుని నా స్నేహితుడి మీదికి పోయింది.

మదనపల్లె బస్టాండులో అతన్ని ఎక్కించడానికి పోయాను. చేతిలో ఒక ట్రంకుపెట్టె, దాని మీద గోనెసంచిలో కట్టిన అతని రేడియో సెట్టు. బస్సు కదిలేముందు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, "అమ్మను బాగా సూసుకో అప్పా" అన్నాడు. సరే అన్నాను. ఇంకేమైనా అనాలని నోరు తెరిచేసరికి బస్సు పోయింది. నిజం చెప్పాలంటే, బస్సు పోయాకే నోరు తెరిచాను.

ఆనాటి నుంచీ చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. జాబు రాయడానికి చెయ్యి రాలేదు. కాగితం మీద పెడితే అది ఉండిపోతుంది, ఎవరి కంటైనా పడుతుంది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదని నాకే తెలుసు. కీ మీద అయితే చెప్పగలననిపించేది. వేలు చెప్పేటప్పుడు మొహం చూపించాల్సిన పని లేదు.

ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం సెట్ల ముందు కూర్చునేవాళ్లం. మదనపల్లె నుంచి అస్సాం దాకా ఒక తీగ మీద ఆధారపడి. అది ఇంటి మీద నుంచి చెట్టుకు కట్టిన మామూలు తీగ, కింద నా భార్య బట్టలారేసుకునే తీగా అదీ ఒకేలా ఉండేవి. అది అన్ని వైపుల నుంచీ కాస్త కాస్త వింటుంది. మా ఇంటి వెనక ఉన్న పిండిమిల్లును మాత్రం బాగా వింటుంది. మిల్లు మోటారు తిరిగితే నా చెవుల్లో బరబరమని ఒకటే రొద, ఆ రొద అడుగున ఎక్కడో అతను సన్నగా టిక్కుటిక్కుమంటుండేవాడు. ఊరూ వాడా బాగున్నాయా, వానలు పడినాయా అనే లోపల అతను మునిగిపోయేవాడు. ఇంత బలహీనమైన సిగ్నల్ మీద అంత మాట ఎట్లా చెప్పేది, సగం అందీ సగం అందకపోతే ఇంకా అన్యాయం కదా, అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అట్లా ఏళ్లు గడిచాయి.

మూడేళ్లని పోయినవాడు అక్కడే ఆసుపత్రిలో పనిచేసే ఒక మలయాళీ నర్సును చేసుకుని నిలబడిపోయాడు. నన్ను పుంగనూరుకు బదిలీ చేశారు. అబద్ధం కూడా మాతోనే వచ్చింది. మా శాఖ వాళ్లు ఎవరైనా వీధిలో తిరుగుతుంటారు కాబట్టి అమ్మ బిందె ఎత్తకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. అడిగినవాళ్లకల్లా గుండె మనిషి అని చెప్పాలి. ఒక అబద్ధానికి తిండిపెట్టి పెంచడం ఎంత చాకిరీయో ఆడినవాడికి తెలుస్తుంది. అమ్మ విసుక్కునేది, కానీ బయటపెట్టలేదు.

పుంగనూరు వచ్చిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం నా స్నేహితుడి నాయన తంతి ఆఫీసుకు వచ్చాడు. భుజం మీద తువ్వాలు, కాళ్లకు చెప్పులు లేవు. పెద్దపంజాణి నుంచి బస్సుకు కూడా ఆగకుండా ఎవరిదో లారీ ఎక్కి వచ్చాడు. నన్ను చూడగానే తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఫారం తీసి నేనే రాసుకున్నాను. మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. అడ్రసు ఆయన చెప్పాల్సిన పని లేదు. కీ మీద చెయ్యి పెట్టి కొట్టాను. అది మద్రాసు, కలకత్తా చేతులు మారి అస్సాం చేరేటప్పటికి అక్కడ బల్ల దగ్గర ఉన్నది అతనేనట. తన తల్లి చావు కబురు తన చేత్తోనే రాసుకున్నాడు.

అతను ఊరు చేరడానికి ఆరు రోజులు పట్టింది. అప్పటికి అంతా అయిపోయింది. కర్మాంతరం అయ్యాక గుండుతో మా ఇంటికి వచ్చాడు. అమ్మ రాగిసంగటి పెట్టి, ఎదురుగా కూర్చుని తినిపించింది. లేని జబ్బున్న నా తల్లి నా ఎదుట నడుస్తూ ఉంది, అతని తల్లి లేదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. పక్కనే కూర్చుని, ఇంకాస్త సంగటి వేయమని అమ్మతో అన్నాను. అతన్ని బస్సెక్కించి వచ్చి గోడకేసి కూర్చున్నాను. నేను చేసింది ఏమిటో పూర్తిగా తెలిసింది ఆ పొద్దే. ఎట్లాగైనా చెప్పి తీరాలనుకున్నాను.

తిరిగిపోయిన నెలకు అతని నుంచి ఒక కవరు వచ్చింది. అక్కడి తేయాకు తోటల్లో ఒక దొర దగ్గర చూసిన పత్రికలోంచి ఒక యాంటెన్నా బొమ్మను చేత్తో గీసి పంపాడు. నాకు నువ్వు బాగానే వినపడుతున్నావు, నీకే నేను వినపడటం లేదంటున్నావు, ఇది కట్టి చూడు, అని రాశాడు. బాగానే వినపడుతున్నావు అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోలేదు. హామ్‌లలో అదొక మర్యాద. ఎంత చచ్చు సిగ్నల్‌కైనా ఐదు తొమ్మిది తొమ్మిది అని పూర్తి మార్కులు వేసేస్తారు. పెళ్లిలో వంట ఎట్లుందంటే బాగుందనే కదా అంటాం.

అది దిక్కు చూసే యాంటెన్నా. అందులో రెండు తీగలుంటాయి. ముందు తీగకు సెట్టు నుంచి వైరు వస్తుంది. వెనక తీగకు ఏ వైరూ ఉండదు. కాస్త పొడుగ్గా ఉండి, ఊరికే వెనక నిలబడి, మాటను ముందుకు తోస్తుంది. ముందు వైపు చెవులు, వెనక వైపు చెవుడు. మామూలుగా కడితే ముప్పైమూడు అడుగుల అల్యూమినియం గొట్టాలు రెండు కావాలి. అవి పెట్టేంత చోటు అద్దె ఇంట్లో ఎక్కడిది? అతను పంపిన పద్ధతిలో తీగల కొసలు లోపలికి మడిచి, రెండూ కలిపి ఒక చతురస్రంగా చేస్తారు. సగం చోటు చాలు, గొట్టాలు అక్కర్లేదు. రెండు పొడుగాటి వెదుర్లను అడ్డదిడ్డంగా నడుమ కట్టి, వాటి నాలుగు కొసల మీదా తీగ లాగితే సరిపోతుంది. తీగల కొసలు ఎదురెదురుగా వచ్చి ఒకదానికొకటి తగలకుండా ఆగాలి. ఆ సందులో కోటు గుండీ కట్టమన్నాడు.

మా పుంగనూరు ఇంటికి నైరుతి వైపు బియ్యం మిల్లు ఉంది. అస్సాం ఈశాన్యానికి ఉంది. యాంటెన్నా మొహం అస్సాంకు పెడితే వీపు మిల్లుకు వస్తుంది. కావాలని కొలిచి కట్టినట్టు కుదిరింది.

రాగి తీగ మోటార్లకు వైండింగు చేసే అంగట్లో తెచ్చాను. ఎండలకు బోర్లు ఆడక రైతుల మోటార్లు కాలి కాలి ఆ అంగడి నిండా ఉండేవి. గుండీలకు నా పెళ్లికోటు తీశాను. నా భార్య అడ్డు చెప్పలేదు. కలికిరి మనిషి, మాట తక్కువ. తనే బ్లేడు తెచ్చి రెండు గుండీలు తెంపి చేతిలో పెట్టి, "పొట్టకు ఎట్లాగూ పట్టదు గదా" అని లోపలికి పోయింది. స్తంభం ఎక్కడ పాతాలనే దగ్గర ఇల్లు అద్దెకిచ్చినాయన వచ్చాడు. ఈశాన్యం మూల బరువు పెట్టనివ్వనన్నాడు. నైరుతి అయితే ఎంత బరువైనా మంచిదేనన్నాడు. నైరుతి మూల పెరట్లో పగిలిన రోలు ఒకటి ఉంది. దాని గుంతలో సర్వి కట్టె స్తంభం నిలబెట్టాను. స్తంభం తిప్పితే రోట్లో తిరుగుతుంది, మూడు వైపులా తాళ్లు లాగి కట్టాను. ఇక వెదుర్లు.

శనివారం సెలవు పెట్టి, పొద్దున్నే వెదుర్లమ్మే చోటికి పోయాను. వారమంతా ఒంటరిగా స్తంభం ఎత్తి దించి ఒళ్లు హూనమై ఉంది. బేరం ఆడే ఓపిక లేదు. రెండు పచ్చి వెదుర్లు, పొడుగువి, నున్నగా ఉన్నవి ఏరాను, నారతాడు ఒక చుట్ట తీసుకున్నాను, చెప్పిన ధర ఇచ్చేశాను. అతను ఒక క్షణం నా మొహం చూసి, డబ్బు కళ్లకద్దుకోకుండానే పెట్టెలో వేశాడు. బోణీ బేరమైనా కళ్లకద్దుకోలేదెందుకో నాకు తట్టలేదు. పచ్చి వెదుర్లు రెండూ నారతాడూ తీసుకుని బేరమాడకుండా పోయేవాళ్లు లోకంలో ఒకే పనికి పోతారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కీ కొట్టి కొట్టి ఎన్ని చావు కబుర్లో పంపిన నాకు తెలియలేదు.

ముందు కొస కూలి మనిషి భుజం మీద, వెనక కొస నా భుజం మీద. ఎండకు తలమీద తువ్వాలు వేసుకున్నాను. అట్లా బజారు మధ్యలో నడిచి ఇంటికి వచ్చాం. నాకు గుర్తున్నంతవరకు ఒక్కరు కూడా ఏమిటని అడగలేదు. టీ అంగట్లో వాళ్లు లేచి నిలబడ్డారు. చిన్న ఊరు కదా, మర్యాద తెలిసినవాళ్లు అనుకున్నాను.

పెరట్లో వెదుర్లు పరిచి నడుమ కట్టు బిగిస్తుండగా వీధిలో ఏడుపు వినపడింది. ఎవరికో టెలిగ్రాం వచ్చింది పాపం అనుకుంటూ ముందుకు వచ్చాను. మా అరుగు నిండా ఆడవాళ్లు. ఎదురింటి బట్టల అంగడాయన భార్య ముందర ఉండి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అరుగు మీద మా అమ్మ చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. వచ్చినవాళ్లను పైనుంచి కిందికి చూసి, "ఎవురమ్మా పోయింది?" అని అడిగింది.

ఏడుస్తున్నవాళ్లంతా నా వైపు చూశారు. అమ్మ మెడ తిప్పి నన్నూ, నా చేతిలో నారతాడునూ చూసింది. అంతా అర్థమైంది ఆమెకు. చేట పక్కన పెట్టి, "ఒగసారి కాయితం మీద పండుకోబెట్టినావు, ఇప్పుడు కట్టె కూడా తెచ్చినావు" అంది. అరుగు మీద ముందు ఒకామె నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. కాగితం మాట ఎవరికీ తెలియదు కాబట్టి సరిపోయింది. నేను నవ్వలేకపోయాను. పోయి మళ్లీ కట్టు బిగించుకున్నాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే పక్కింటివాళ్లు ఇద్దరు సాయం పట్టగా వెదుర్ల చతురస్రాన్ని స్తంభం మీదికి ఎక్కించాను. స్తంభాన్ని రోట్లో తిప్పి, మొహం ఈశాన్యానికి పెట్టి, తాళ్లు ముడివేశాను. చేతులు బొబ్బలెక్కాయి. ఎనిమిదికి సెట్టు ముందు కూర్చుని హెడ్‌ఫోను పెట్టుకుంటే, మిల్లు లేదు. మిల్లు ఆడుతూనే ఉంది, గోడ అదురుతోంది, నా చెవుల్లో మాత్రం లేదు. ఆ నిశ్శబ్దంలో అతను నన్ను పిలుస్తున్నాడు. పక్క గదిలో ఉండి తలుపు కొట్టినంత స్పష్టంగా ఉంది ఆ చప్పుడు. అన్నేళ్ల తర్వాత అతని చేతి వాటం, చివరి డ్యాషును కాస్త సాగదీసే అలవాటు, అన్నీ తెలిశాయి. నాకు కళ్లు తడిశాయి. ఇదే పొద్దు, చెప్పేద్దామనుకున్నాను.

నేను పిలిచీ పిలవకముందే అతను మొదలుపెట్టాడు. టెలిగ్రాం నిన్న సాయంత్రం అందిందనీ, అమ్మ పోయినందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదనీ, ఇంత దుఃఖంలో నువ్వు సెట్టు ముందుకు వస్తావనుకోలేదనీ పంపాడు. బట్టల అంగడాయన మంచితనం అది. పెద్దపంజాణి వాళ్ల పెళ్లిబట్టలన్నీ ఆయన దగ్గరే కాబట్టి నా స్నేహితుడి అడ్రసు వాళ్ల నాయన ద్వారా ఆయనకు తెలుసు. నేను వెదుర్లు మోసుకుపోవడం చూసి, అతను ఆమెకు కొడుకులాంటివాడు కదా తెలియాలని, అమ్మ సీరియస్ అని ఆఫీసుకు పోయి కొట్టించాడు. సెలవులో ఉన్న నాకు తెలియలేదు. సంగతి బయటపడ్డాక, చెప్పడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

అమ్మ బాగుంది, వెదుర్లు యాంటెన్నాకు తెచ్చినవి, ఊరు పొరబడింది, అని పంపాను. తర్వాత అతను మెల్లగా ఒక్కొక్క అక్షరం విడదీసి, మొదటిసారి కూడా బాగానే ఉండిందా, అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో వినపడుతుంది. మిల్లు లేదు, రొద లేదు, చెప్పనివ్వనిది ఏదీ లేదు. కీ మీద వేలు ఉంది. ఆ వేలితో నేను హామ్‌లు నవ్వుకు వాడే రెండక్షరాలు కొట్టాను. నవ్వి, యాంటెన్నా బాగా పని చేస్తోంది, నీకు ఎంత వినపడుతున్నాను, అని అడిగాను. ఐదు తొమ్మిది తొమ్మిది అన్నాడు.

ఆ తర్వాత చెప్పడం మరీ కష్టమైపోయింది. అడిగినప్పుడు చెప్పనివాడు అడగనప్పుడు ఏమని మొదలుపెడతాడు? నేను యాంటెన్నా మీద పడ్డాను. తీగ రెండంగుళాలు కత్తిరించడం, మళ్లీ అతికించడం. వాన వస్తే నార బిగుసుకుని చతురస్రం వంకరపోయేది, ఎండకు వదులయ్యేది. ప్రతి శనివారం దించడం, ప్రతి ఆదివారం ఎక్కించడం. ఇంకాస్త బాగా కుదిరితే చెప్తాను. ఈ వారం గాలి బాగాలేదు, వచ్చే వారం చెప్తాను. నా తల ప్రాణం తోకకు వచ్చేది. చూసేవాళ్లకు నాది రేడియో పిచ్చి. నా భార్య ఒక్కతే ఒకసారి అన్నం వడ్డిస్తూ, "ఆయప్పకు చెప్పేదేదో చెప్పేస్తే ఇంత కష్టం ఉండదు గదా" అంది. విననట్టు తిన్నాను.

ఎనభైలు వచ్చాక నన్ను కుప్పం వేశారు. సామాన్ల లారీ మీద వెదుర్లు కూడా కట్టి తీసుకుపోయాను. అప్పటికే వాటిని పురుగు తొలిచేసింది, తడితే పసుప్పచ్చ పొడి రాలేది. తారు పూసి మళ్లీ ఎత్తాను. రెండో వేసవిలో వచ్చిన గాలివానకు ఒక వెదురు నడుమకు విరిగి తలకిందులుగా వేలాడింది. దించి గోడకు ఆనించాను. మళ్లీ కట్టే ఓపిక నాకు లేదు. నా భార్య కొన్నాళ్లు చూసి, బాగున్న ముక్కలు తీసుకుని చిక్కుడు పందిరి వేసుకుంది. గుండీలు రెండూ నా మేజా డ్రాయరులో వేసింది. ఇంటి మీద పాతరోజుల్లోలాగా ఒక్క తీగ లాగి, ఆదివారాలు దానితోనే గడుపుతూ వచ్చాను. రైలు కట్ట పక్కనే ఇల్లు, రొద మళ్లీ మామూలే.

కాగితం మీద రాయించిన జబ్బు ఆ ఏడే అమ్మకు నిజంగా వచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మంచం మీద పడుకుంటే నిజంగానే తడిగుడ్డ వేయాల్సి వచ్చేది. అది వేసినప్పుడల్లా ఆమె కళ్లు తెరిచి నన్ను చూసేది, నేను తల తిప్పుకునేవాణ్ణి.

నా స్నేహితుడు, ముందు ఏడు పోయిన వాళ్ల నాయన సంవత్సరీకానికి వస్తూ, మద్రాసు నుంచి వచ్చే రైలు దిగి ముందు మా ఇంటికి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. తేయాకు పొట్లం తెచ్చాడు. అమ్మ మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అమ్మ ఊపిరి కూడగట్టుకుని, ఏ ముందు మాటా లేకుండా చెప్పేసింది.

"అప్పా, నువ్వు అస్సాం పోయేటప్పుడు నాకు తలనొప్పి కూడా లేదు. వీడు పోలేక నన్ను పండుకోబెట్టినాడు. వీడు చెప్పడు, నేను పోతే ఇంగ ఎవురు చెప్తారు."

అతను చెయ్యి వదల్లేదు. "తెలుసులేమ్మా" అన్నాడు. "నువ్వు సీరియస్ అని విని మా అమ్మ కోడిని పట్టుకోని మదనపల్లెకు వచ్చింది గదా? నువ్వు బాయికాడ నీళ్లు చేదతాండావంట. ఏమీ అడగకుండా కోడినిచ్చి వచ్చేసినానని నాకు చెప్పింది. నేను బస్సెక్కేదానికి వారం ముందర."

అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ కోడి పులుసు నేను తిన్నాను, నాకు గుర్తుంది. ఎవరిచ్చారని అడగలేదు.

గుమ్మానికి ఆనుకుని, చెప్పాలనే అనుకున్నాననీ, సిగ్నల్ సరిగ్గా లేక చెప్పలేకపోయాననీ ఏదో అన్నాను. అంటుంటే నాకే ఏవగింపుగా ఉంది. అతను నా వైపు తిరిగాడు. కోపం లేదు మొహంలో. నాకంటే ఎక్కువ అలిసిపోయినవాడిలాగా ఉన్నాడు.

"నీ సిగ్నల్ మొదట్నుంచీ బాగానే ఇనపడతా ఉండింది అప్పా. ఈ వారం చెప్తావు, ఈ వారం చెప్తావు అని ఆదివారం ఆదివారం కూర్చుంటా ఉంటి. నీకు ఇనపడల్లేదని ఆ బొమ్మ కూడా పంపితి."

నా భార్య పెట్టిన అన్నం తిన్నాడు, చిక్కుడు పందిరి కింద కాసేపు నిలబడి వెదుర్లకేసి చూశాడు, పెద్దపంజాణి బస్సెక్కి పోయాడు. అమ్మ ఆ నెలలోనే పోయింది. పచ్చి వెదుర్లు వేరేవాళ్లు తెచ్చారు. అస్సాంకు తిరిగిపోయిన అతనికి టెలిగ్రాం నేనే కొట్టాను. సీరియస్ అని పెట్టలేదు. పోయిందనే కొట్టాను.

కర్మాంతరాలయ్యాక వచ్చిన ఆదివారం ఎనిమిదికి సెట్టు ముందు కూర్చున్నాను. ఇంటి మీద ఒక్క తీగే. బయట గూడ్సు రైలు పోతోంది, చెవుల్లో రొద. అతను తెలిసీ తెలియనట్టు వినపడుతున్నాడు. నేను మొదలుపెట్టాను. అమ్మకు జబ్బు లేదు, నాకు భయం వేసింది, నా బదులు నిన్ను పంపాను, నీ తల్లి పోయేటప్పుడు నువ్వు దగ్గర లేకుండా చేశాను, నన్ను క్షమించు. అతనికి అంతా తెలుసు. అయినా ఒక్కొక్క అక్షరం విడదీసి, ట్రైనింగులో కొత్తగా నేర్చుకునేటప్పుడు కొట్టినంత మెల్లగా కొట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అటు నుంచి, అందింది అని చెప్పే ఒక్క అక్షరం వచ్చింది. డ్యాషును సాగదీసే అతని అలవాటుతోనే. తర్వాత, అక్కడ పొద్దున్నుంచీ వాన పడుతోందనీ, మీకు ఎట్లా ఉందనీ అడిగాడు.

ఎండగా ఉందని చెప్పాను.